మికాలి మీద నీలిపిండి

అర్గిరిస్‌కి తన చేతి గురి మీద ఎంత నమ్మకమంటే, పన్నెండు బాంబుల్లో ఆరు తగలాలని నౌకాదళం కమిటీ వాళ్ళు షరతు పెట్టినప్పుడు "ఆరేనా?" అని అడిగేశాడు. పక్కనే ఉన్న ఫోకియోన్ అతని కాలు తొక్కాడు, కానీ ఆలస్యంగా. ఫోకియోన్ విమానం నడిపేవాడు, ఏథెన్స్‌లో పెద్దింటి బిడ్డ, ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిసినవాడు. అర్గిరిస్ వెనక సీట్లో కూర్చుని కిందికి చూసేవాడు, కిందికి పారేసేవాడు. పుట్టింది గలాక్సీది అనే చిన్న రేవు ఊళ్ళో. ఆ ఊళ్ళో పిల్లలకి ఈత నేర్పుతారు, చుక్కాని పట్టడం నేర్పుతారు, నోరు మూసుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు.

ఫాలిరో ఒడ్డున ఉన్న నీటివిమానాల కేంద్రాన్ని కేంద్రం అని పిలవడం కాస్త మర్యాద కోసమే. పొడుగాటి చెక్క షెడ్డు ఒకటి, నీళ్ళలోకి దిగే బల్లల వాలు ఒకటి, విమానాలు మూడు. మూడింట్లో ఒకటి ఎగురుతుంది, ఒకటి ఎగిరితే ఎగరొచ్చు, మూడోదాన్ని విప్పి ఆ ముక్కలు మిగతా రెంటికీ తొడుగుతున్నారు. బాల్కన్ యుద్ధంలో విమానాలు శత్రువు ఓడలెన్నో పైనుంచి చూసి వచ్చి చెప్పాయి. చూసి రావడానికైతే సరేగానీ ఓడని కొట్టడానికి ఈ గుడ్డా వెదురూ దేనికి పనికొస్తాయని నౌకాదళం పెద్దల వాదన.

యుద్ధం అయి ఏడాది తిరగకముందే ఆ పెద్దలు ఒక పరీక్ష పెట్టారు. జూన్‌లో ఒక గురువారం నాడు మికాలి అనే యుద్ధనౌక ఈజీనా ద్వీపం ముందు అటూ ఇటూ తిరుగుతుంటుంది. విమానం దాని మీద పన్నెండు ఉత్తుత్తి బాంబులు వెయ్యాలి. ఆరు తగిలితే కేంద్రం నిలుస్తుంది, ఇంకో ఆరు విమానాలు వస్తాయి. ఐదు తగిలినా షెడ్డుకి తాళమే, మనుషులు తిరిగి ఓడల మీదికే. అర్గిరిస్‌ని మికాలి మీదికి వెయ్యాలని ముందే రాసిపెట్టేశారు. మికాలి మీద సారంగు అతని సొంత మేనమామ యాకుమీస్. అందరికన్నా ఎక్కువ సంతోషపడింది ఆయనే.

సారంగంటే ఓడ మీద కెప్టెన్ తర్వాత దేవుడు. ఖలాసీలని అడిగితే కెప్టెన్ కన్నా ముందు. యాకుమీస్ మికాలి వచ్చిన రోజు నుంచీ ఆ డెక్కుకి కాపలా. రోజూ తెల్లారేసరికి నలభైమంది మోకాళ్ళ మీద కూర్చుని, ఇసుక చల్లి, రాళ్ళతో ఆ టేకు చెక్కని రుద్దేవాళ్ళు. ఆయన వాళ్ళ వెనక చెప్పులు విడిచి నడిచేవాడు. పాదానికి ఎక్కడ గరుగ్గా తగిలితే అక్కడ మళ్ళీ రుద్దాలి.

పరీక్షకి ముందు ఆదివారం పిరయస్‌లో మావయ్య ఇంట్లో భోజనం. బల్ల మీద వేయించిన చిన్నచేపలు, నూనెలో ఉడికించిన చిక్కుళ్ళు, కూజా నిండా ద్రాక్షసారా.

"ఏరా అల్లుడూ, మోకాళ్ళకి ఇప్పట్నుంచే నూనె రాసుకో," అన్నాడు యాకుమీస్, చేపని తోకతో సహా నోట్లో వేసుకుంటూ. "నా డెక్కు మీద కొత్తవాళ్ళు నడిచేది మోకాళ్ళతోనే."

"ముందు నీ డెక్కుకి గొడుగు పట్టించుకో మావయ్యా."

"దోమకి గొడుగెందుకురా? చీపురు చాలు."

"ఆ దోమ పన్నెండు సార్లు కుడుతుంది."

"కుట్టనీ. మాకు నాలుగు వేళ్ళ మందం ఇనుప తోలుంది. ఇంతకీ ఏం వేస్తార్రా మా మీద? పిండటగా? పిండే అయితే కాస్త చక్కెర కూడా కలిపి వెయ్యండి, మా వంటవాడు ఏదో ఒకటి వేయిస్తాడు." తన మాటకి తనే పగలబడి నవ్వాడు.

అసిమీనా అత్త చిక్కుళ్ళ గిన్నె బల్ల మీద ఠక్కున పెట్టింది. "తినేటప్పుడన్నా ఈ గోల ఆపలేరా? మా మావగారూ ఇంతే. ఆవిరి ఓడ రేవులోకొస్తే, అదుగో కాఫీగిన్నె వచ్చిందని నవ్వేవాడట. ఆ నవ్వు ఎక్కడిదాకా వచ్చిందో తెలీదూ?"

యాకుమీస్ నవ్వు ఆగిపోయింది. అర్గిరిస్ తల తిప్పి గోడకేసి చూశాడు. అక్కడ రంగులు వెలిసిన ఓడ బొమ్మ ఉంది. రెండు స్తంభాలు, నిండా తెరచాపలు, కింద 'ఆయా పరస్కేవి' అని పేరు. అది తాతయ్య ఓడ. ఒకప్పుడు గలాక్సీది రేవులో తెరచాప ఓడలు ఎన్ని ఉండేవంటే ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి కాలు తడవకుండా వెళ్ళొచ్చని చెప్పుకునేవాళ్ళు. ఆవిరి ఓడలు వచ్చినప్పుడు ఆ ఊరి కెప్టెన్లు వాటి మొహం చూడలేదు. గాలి ఊరికే వస్తుంటే బొగ్గు కొనడమేమిటని నవ్వారు. సరుకంతా ఆవిరి ఓడల్లోకి పోయింది. తాతయ్య తన ఓడని రేవులో కట్టేసి, సరుకు వస్తుందని పదకొండేళ్ళు ఎదురుచూశాడు. ఏటా వసంతంలో దానికి రంగు వేయించేవాడు. చివరికి ఆ చెక్కంతా రొట్టెల బట్టీలో కాలింది. ఆ ఇంట్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. అసిమీనా అత్తే నోరు జారింది, జారాక నాలిక్కరుచుకుంది.

"చేప చల్లారిపోతోంది, తినండి," అన్నాడు యాకుమీస్. ఆ తర్వాత ఆయన మళ్ళీ వేళాకోళమాడలేదు.

పిండి సంగతి నిజమే, ఆ ఆలోచన అర్గిరిస్‌దే. ఆయుధాల గిడ్డంగి వాళ్ళు మొదట ఇసుక మూటలు పంపారు. ఇసుక డెక్కు మీద పడితే మరక పడదు. కమిటీ షరతేమో, తాము ఓడ ఎక్కినప్పుడు డెక్కు మీద కనిపించిన మరకలే లెక్క అని. ఆ పెద్దలు ఆట జరిగేంతసేపూ అరమైలు దూరంలో ఒక చిన్న పడవలో ఉంటారు. అక్కణ్ణుంచి చూస్తే మికాలి పక్కలే తప్ప పైభాగం కనబడదు. కాబట్టి పడ్డచోట గుర్తు మిగిలేది కావాలి.

గలాక్సీదివాళ్ళకి ఆ గుర్తేమిటో ఇంకొకరు చెప్పాలా? పెద్ద ఉపవాసం మొదలయ్యే శుద్ధ సోమవారం నాడు ఆ ఊరు ఊరంతా రేవు మీద చేరి రంగుపిండి కొట్టుకుంటుంది. డాక్టరూ, పూజారి కొడుకూ, చేపలమ్మే ఆడవాళ్ళూ, తేడా ఏమీ ఉండదు. సాయంత్రానికి ఎవరు ఎవరో అమ్మలు కూడా గుర్తుపట్టలేరు. అక్కడే అర్గిరిస్ గురి నేర్చుకున్నాడు. పరిగెత్తేవాడి మీదికి విసిరితే పిండి వాడి వెనక పడుతుంది, వాడు చేరబోయే చోటికి విసరాలి. ఇంకో సంగతి కూడా ఆ ఊళ్ళో మాటలొచ్చిన ప్రతివాడికీ తెలుసు. పిండి పడ్డ ఒంటితో నీళ్ళ దగ్గరికి పోకూడదు. ముందు పొడిగా దులుపుకోవాలి, బ్రష్షుతో రాలగొట్టాలి. తొందరపడి నీళ్ళు పోసుకున్నవాడికి జుట్టంతా ముద్దకట్టి, ఆరాక అట్టకట్టి, ఈస్టరు దాకా వదలదు.

కేంద్రం బట్టలుతికే లెనియో దగ్గర ఉన్న నీలిమందంతా అడిగి తెచ్చాడు. ఆవిడ ఇవ్వనంది, ఇచ్చింది, తర్వాత ఎందుకని అడిగి, చెప్తే తనే వచ్చి మోచేతుల దాకా ముంచి పిండిలో కలిపింది. కాగితం సంచుల్లో నింపి, మూతి అంటించి, ఫాలిరో ముందు చేపలు పట్టుకునే ముసలాయన పడవ మీద వారం రోజులు సాధన చేశారు. మొదటిరోజు ఆయన రాయి విసిరాడు. నాలుగోరోజు ఒళ్ళంతా నీలమై కూర్చుని, "ఇవాళ నాలుగూ నా మీదే పడ్డాయిరా, ఇక పోండి," అని దండం పెట్టాడు.

గురువారం గాలి లేదు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. ఫోకియోన్ ముందు, అర్గిరిస్ వెనక, మోకాళ్ళ మధ్య బుట్టలో పన్నెండు సంచులు. విమానం నీటిని చీల్చుకుంటూ పోయి, రెండుసార్లు ఎగిరెగిరి పడి, మూడోసారికి లేచింది.

మికాలి దూరం నుంచే కనబడింది. రెండు పొగగొట్టాలు, ముందొక ఫిరంగి బురుజు, వెనకొక ఫిరంగి బురుజు. నల్లపొగ వదులుతూ పాములా వంకర్లు తిరుగుతోంది. ఇంత పెద్ద ఓడని చూస్తే ఎవరికైనా కాస్త గుండె దడదడలాడాలి. అర్గిరిస్‌కి మాత్రం శుద్ధ సోమవారం నాడు చేపలబజారు సందులోంచి పరిగెత్తే లావుపాటి షావుకారు గుర్తొచ్చాడు.

మొదటి రెండు సంచులూ సముద్రం పాలయ్యాయి. అర్గిరిస్ కంగారుపడలేదు. వెనక తిరిగే పంకాకి తగలకుండా ఒళ్ళంతా బయటికి వంచి, ఓడ తోక ఇంకా విమానం ముక్కుకి ముందుండగానే మూడోది వదిలాడు. అది చిన్నదై, చుక్కై, ఓడ ముందు కొసన చిన్న నీలిమబ్బుగా విచ్చుకుంది.

"ఒకటి," అని అర్గిరిస్ ముందున్న ఫోకియోన్ వీపు మీద చరిచాడు.

ఐదోది లంగరు గొలుసుల మధ్య పడింది. ఆరోది ముందు ఫిరంగి బురుజు పక్కన. ఎనిమిదోది కెప్టెన్ నిలబడే వంతెన కింద. తొమ్మిదోది పడవలు కట్టిన చోట. తెల్లబట్టల ఖలాసీలు ఎలకల్లా పరిగెత్తుతున్నారు. ఐదు. పదోది వదిలేసరికి ఓడ చటుక్కున తిరిగింది. సంచి వెనక పొగగొట్టం దాటి కిందికి పోవడం అర్గిరిస్ తన కళ్ళతో చూశాడు, కానీ మబ్బు లేవలేదు. అవతల నీళ్ళు చిందనూ లేదు. చివరి రెండూ నీళ్ళలో పడ్డాయి.

"ఐదేనా?" అని అరిచాడు ఫోకియోన్.

"ఆరు. పదోది ఓడ మీదే పడింది. దిగాక చూపిస్తా."

ఫోకియోన్ విమానాన్ని కిందికి దించి ఓడ పక్కగా పోనిచ్చాడు. అప్పుడు చూశాడు అర్గిరిస్. డెక్కు మీద గొట్టాలు పరిచారు, సముద్రపు నీళ్ళు ధారలు కడుతున్నాయి. మధ్యలో నడుం మీద చెయ్యేసుకుని యాకుమీస్ మావయ్య, అక్కడ పొయ్యి, ఇక్కడ పొయ్యి అని చూపిస్తున్నాడు. కమిటీ ఎక్కకముందే మరకలన్నీ కడిగేస్తున్నారు. మరక లేకపోతే దెబ్బ లేదు, దెబ్బ లేకపోతే కేంద్రం లేదు. మనవాడే, తల్లికి తోడబుట్టినవాడే, ఇంత పని చేస్తున్నాడు.

మరుక్షణం అతనికి ఇంకోటి తట్టింది. నీళ్ళు. పిండి మీద నీళ్ళు పోస్తున్నాడు.

అతను గట్టిగా నవ్వాడు. ముప్ఫై ఏళ్ళు ఓడల మీద బతికి ముసలాడు సొంతూరు మర్చిపోయాడు. చీపుర్లతో పొడిగా ఊడ్పిస్తే నిమిషాల్లో పోయేదాన్ని, నీళ్ళు పోసి చెక్క సందుల్లోకి తనే కూరుతున్నాడు.

విమానం కమిటీ పడవ పక్కన దిగింది. అరగంటలో అందరూ మికాలి నిచ్చెన ఎక్కారు. కమిటీ పెద్ద అడ్మిరల్ గావ్రాస్, చేతిలో పూసలదండ తిప్పుకుంటూ సగం నిద్రలో ఉన్నట్టుండే ముసలాయన. కెప్టెన్ స్కూఫోస్ మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. హైద్రా ద్వీపంవాడు, నున్నగా గీసుకున్న గడ్డం, మెలేసిన మీసం.

"చూడండి సార్," అన్నాడు చేత్తో డెక్కంతా చూపిస్తూ. నీళ్ళతో తడిసి నల్లగా నిగనిగలాడుతోంది చెక్క. ఒక్క మచ్చ లేదు. "మా ఓడ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది."

"కడిగించారు సార్. పైనుంచి మేం చూశాం," అన్నాడు ఫోకియోన్.

"కడగకూడదని షరతుల్లో ఎక్కడుంది?" అన్నాడు కెప్టెన్. "యుద్ధంలో ఓడ మీద నిప్పు పడితే నీళ్ళు పొయ్యమా?"

ఫోకియోన్ ఒంటికాలి మీద లేవబోయాడు. ఈసారి కాలు తొక్కింది అర్గిరిస్.

"లెక్క తర్వాత చూద్దాం," అన్నాడు కెప్టెన్. డెక్కు పూర్తిగా ఆరి ఎప్పటిలా తెల్లగా మెరుస్తుంటే చూపించాలని ఆయన ముచ్చట. "నా ఓడ మీద కాఫీ తాగకుండా ఎవరూ పని మొదలుపెట్టరు."

కెప్టెన్ గదిలో అందరికీ చెంచాతో చెర్రీ పాకం, గ్లాసుతో చల్లటి నీళ్ళు, ఆ తర్వాత నురగ కట్టిన కాఫీ వచ్చాయి. ఎవరూ తొందరపడలేదు. కాఫీ దగ్గర తొందరపడేవాణ్ణి ఆ దేశంలో మనిషి కింద జమకట్టరు. కెప్టెన్ పోయిన యుద్ధం గురించి చెప్పాడు. అడ్మిరల్ అంతకు ముందు యుద్ధం గురించి చెప్పాడు. కిటికీ పక్కన కూర్చున్న ఫోకియోన్ పళ్ళు నూరుతున్నాడు.

"బయట ఎండెలా ఉంది?" అని అడిగాడు అర్గిరిస్ గొంతు తగ్గించి.

"మండిపోతోంది. ఎందుకు?"

"మండనీ." తర్వాత పైకి, "కెప్టెన్ గారూ, కాఫీ చాలా బాగుంది. ఇంకోటి దొరుకుతుందా?" అన్నాడు.

కెప్టెన్ సంబరపడి అందరికీ రెండోసారి పోయించాడు.

డెక్కు మీదికి తిరిగి వచ్చేసరికి ముందు కనిపించినవి సముద్రపు కాకులు. ముందు కొసన ఒక గుంపు, గొలుసుల మధ్య ఒక గుంపు, ఫిరంగి బురుజు పక్కన ఒకటి, వంతెన కింద ఒకటి, పడవల దగ్గర ఒకటి. తలలు వంచుకుని చెక్క సందుల్లో ఏదో పొడుచుకు తింటున్నాయి. ఖలాసీ ఒకడు చేతులూపుతూ తరిమాడు. అవి లేచిన ప్రతిచోటా భోజనాల బల్లంత గుండ్రంగా నీలిమరక, అంచులో తెల్లటి అట్ట. తడి ఉన్నంతసేపూ నల్లటి చెక్కలో దాక్కున్నది, ఆరేసరికి బయటపడింది.

అడ్మిరల్ వంగి, ఒక సందులోంచి గోటితో గీకి వాసన చూశాడు. "పిండిముద్ద," అన్నాడు. "ఈ నీలం మా ఆవిడ దుప్పట్లకి పెడుతుంది."

కెప్టెన్ మొహం ఎర్రబడింది. "సారంగ్. ఏమిటిది?"

యాకుమీస్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. "కడగమన్నారు సార్. కడిగించాను."

అడ్మిరల్ పూసలదండ జేబులో వేసుకుని, నింపాదిగా నడుస్తూ లెక్కపెట్టాడు. అర్గిరిస్ వెనకే నడిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. వెనక పొగగొట్టం చుట్టూ రెండుసార్లు తిరిగారు. అక్కడ చెక్క మీద గీత కూడా లేదు. ఒక్క పక్షి కూడా అక్కడ వాలి లేదు.

"ఐదు," అన్నాడు కెప్టెన్. ఆయన మీసం మళ్ళీ లేచింది. "షరతు ఆరు."

"పదో సంచి ఇక్కడే పడింది సార్," అన్నాడు అర్గిరిస్. "నేను చూశాను."

"మరేదయ్యా గుర్తు?" అన్నాడు కెప్టెన్.

అర్గిరిస్ తన కళ్ళని తనే మొదటిసారి అనుమానించాడు. ఆరేనా అని అడిగిన నోరు అది. షెడ్డూ, చెక్క వాలూ, విప్పిన మూడో విమానమూ, నీలిచేతుల లెనియో, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఏడుపొచ్చేంత సిగ్గేసింది.

"మంచి గురి అబ్బాయ్," అన్నాడు అడ్మిరల్, నిజంగానే బాధగా. "ఇంత బాగా వేస్తారనుకోలేదు. కానీ షరతు షరతే." పుస్తకం తెరిచి, జేబులో పెన్సిల్ కోసం వెతుక్కున్నాడు.

"అడ్మిరల్ గారూ." ఆ గొంతు యాకుమీస్‌ది. "డెక్కు మీద ఏం పడిందో సారంగుని కూడా అడగాలి కదండీ."

"యాకుమీస్," అన్నాడు కెప్టెన్. అంతే అన్నాడు. ఆ పిలుపులో ఏముందో డెక్కు మీదున్న ప్రతి ఖలాసీకీ అర్థమైంది.

"చిత్తం సార్," అన్నాడు యాకుమీస్, అని ముందుకు నడిచాడు. వెనక పొగగొట్టానికి నాలుగడుగుల దూరంలో మనిషి పట్టేంత వెడల్పు గాలిగొట్టం ఉంది. దాని మూతికి మందపాటి గుడ్డ కట్టి ఉంది. "నీళ్ళు కొట్టించేటప్పుడు లోపలికి పోకూడదని ఇది నేనే కట్టానండీ," అంటూ తాడు విప్పి గుడ్డ లాగేశాడు. లోపలి అంచంతా నీలిపొడి. వంగి కిందికి కేకేశాడు. "ఒరే లాంబ్రో. పైకి రా."

ఇనుప మెట్ల చప్పుడైంది. దిగువ గదిలో పనిచేసే లాంబ్రోస్ తల బయటపెట్టాడు. జుట్టు దగ్గర్నుంచి బెల్టు దాకా నీలం, అందులో రెండు కళ్ళు. కమిటీని చూసి సెల్యూట్ కొడితే చంకలోంచి పిండి రాలింది.

"గంట నుంచీ దురద పెడుతోంది సారంగయ్యా," అన్నాడు జాలిగా. "ఇప్పుడన్నా కడుక్కోనా?"

ఖలాసీలు ఎవరూ ఆపుకోలేకపోయారు. అడ్మిరల్ మాత్రం నవ్వలేదు. గొట్టంలోకి తొంగిచూసి, "దీని కిందేముంది?" అన్నాడు. ఆయనకి తెలుసు, అయినా అడిగాడు.

"వెనక ఫిరంగులకి మందుగుండు పైకెత్తే గదండీ."

"యుద్ధంలో ఆ మూత మూసి ఉంటుంది," అన్నాడు కెప్టెన్.

"పోయిన యుద్ధంలో మూశాం సార్," అన్నాడు యాకుమీస్. గొంతులో ఎదిరింపు లేదు, ఉన్నమాట చెప్పడం తప్ప. "కింద వేడికి ఇద్దరు సొమ్మసిల్లారు. తియ్యమని మీరే అన్నారు, నేనే తీశాను. అప్పట్నుంచీ తెరిచే ఉంది. పైనుంచి ఏదన్నా వస్తుందని మనం ఎవరం అనుకోలేదు."

కెప్టెన్ ఔనన్నట్టు తల ఊపాడు. అబద్ధమాడే మనిషి కాదాయన, ఆ మాట చెప్పుకోవాలి.

"ఇది నిజం బాంబయితే?" అన్నాడు అడ్మిరల్.

"లాంబ్రో కడుక్కోనా అని అడిగేవాడు కాదండీ. అడిగినా చెప్పడానికి మనం ఉండేవాళ్ళం కాదు."

అడ్మిరల్ పుస్తకంలో ఆరు అని రాసి, సంతకం పెట్టి, అర్గిరిస్ భుజం తట్టి నిచ్చెన దిగాడు. ఫోకియోన్ పెద్దింటి మర్యాద మర్చిపోయి లాంబ్రోస్‌ని కావలించుకున్నాడు, ముందంతా నీలమైపోయాడు.

విమానాన్ని లాక్కెళ్ళే పడవ రావడానికి ఇంకా సమయముంది. అర్గిరిస్ మావయ్యని వెతుక్కుంటూ ముందు కొసకి వెళ్ళాడు. యాకుమీస్ నీలిమరక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చాకు మొనతో ఒక సందు గీకుతున్నాడు. ఇంతకు ముందే కెప్టెన్ ఆయనతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళడం అర్గిరిస్ దూరం నుంచి చూశాడు.

"ఏమన్నాడు?"

"సోమవారం నుంచి ఒడ్డు మీద తాళ్ళ గిడ్డంగిలో పని. మంచిదేలే, మీ అత్త సంతోషిస్తుంది."

"పిండి మీద నీళ్ళు పోయకూడదన్న సంగతి నువ్వు మర్చిపోయావనుకున్నా మావయ్యా. పైనుంచి చూసి నవ్వుకున్నా కూడా."

"మర్చిపోవడానికి నేనేమన్నా హైద్రాలో పుట్టానా?" అన్నాడు యాకుమీస్ తల ఎత్తకుండా.

అర్గిరిస్ డెక్కు కేసి చూశాడు. కింద చెక్క తెల్లగా మెరుస్తోంది. ఇన్నేళ్ళు చెప్పులు లేకుండా నడిచి చూసుకున్న డెక్కు, దాని మీద ఇక ఎప్పటికీ పూర్తిగా పోని ఐదు మరకలు. నీళ్ళు ఎక్కడ పొయ్యాలో వేలు పెట్టి చూపించింది ఈ మనిషే.

"ఆ మొదటిది ఇక్కడ పడ్డప్పుడు నేను ఇక్కడే ఉన్నా," అన్నాడు యాకుమీస్. "ఇనుమంతా పక్కలకి పెట్టుకున్నాం రా. నెత్తి మీద చెక్క. అప్పుడే అర్థమైంది." చాకు ఆగింది. "నాన్న ఓడకి పదకొండు వసంతాలు రంగు వేశాం. ఇక సరుకు రాదని నాకు రెండో ఏడాదే తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన మొహం మీద చెప్పినవాడు ఒక్కడు లేడు. నేనూ చెప్పలేదు. రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డా."

సముద్రపు కాకి ఒకటి వచ్చి మరక అంచున వాలి, వాళ్ళని చూసి, తింటూనే ఉంది.

అర్గిరిస్ బూట్లు విప్పాడు. పక్కనున్న బకెట్లోంచి బ్రష్షు తీసుకుని మావయ్య ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెక్క నిప్పులా కాలుతోంది.

"ఆరిందా?"

"ఆరింది, ఇక గోకొచ్చు," అన్నాడు యాకుమీస్. "నూనె రాసుకోమంటే విన్నావా? సోమవారం దాకా ఇది నా డెక్కే. సరిగ్గా రుద్దు."